పది నిమిషాల్లో ఉంటానన్న మాట

2023 ఏప్రిల్ ఆఖరివారం. న్యూజిలాండ్‌లో దక్షిణాన సెంట్రల్ ఒటాగో అనే ఎండు కొండల ప్రాంతం, అందులో ఒక చిన్న ఊరు, ఆ ఊళ్ళో నేను మెకానిక్‌గా పనిచేసే గ్యారేజీ. స్కూళ్ళకి సెలవులు. స్కూళ్ళకి సెలవులంటే మాకు పని. జనం కార్లు వేసుకుని వస్తారు, కొండల్లోకి పోతారు, ఇరుక్కుంటారు, మాకు ఫోన్ చేస్తారు. అప్పటికి తొమ్మిదేళ్ళుగా ఇదే చూస్తున్నా విసుగు తగ్గలేదు. ఏటేటా పెరుగుతూనే ఉంది.

నాది సూర్యాపేట. ఇన్వర్‌కార్గిల్‌లో ఆటోమోటివ్ కోర్సు చేయడానికి వచ్చాను. ఫ్లాట్‌లో ఆరుగురం, అందరికీ కలిపి ఒకటే హీటర్. చదువయ్యాక మిగతా అయిదుగురూ ఆక్లాండ్ దారి పట్టారు. నాకు ఈ కొండల్లో ఉద్యోగం దొరికింది, ఇక్కడే ఆగిపోయాను. మా ఓనర్ గ్రాహం డెబ్భైకి దగ్గరపడ్డ కివీ. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. పనిలో చేరిన రోజు ఆ నాలుగు మాటలూ ఒకేసారి చెప్పాడు: "కస్టమర్‌కి టైమ్ చెప్పేటప్పుడు నీకు ఎంత పడుతుందనిపిస్తే దానికి రెట్టింపు చెప్పు." నేను తలాడించాను. మన తలకాయ దేనికైనా ఆడుతుంది.

న్యూజిలాండ్ అంటే పచ్చగడ్డి, గొర్రెలు అనుకుంటారు మనవాళ్ళు. గొర్రెలున్నాయి గానీ మా దగ్గర గడ్డి పచ్చగా ఉండదు. వాన తక్కువ. బూడిదరంగు బండలు, ఎండి గోధుమరంగుకి తిరిగిన గడ్డి దుబ్బులు, కాలు పెడితే వాము వాసన కొట్టే అడవి పొదలు. మధ్యలో ఏరు కోసుకుపోయిన లోతైన లోయలు. ఆ లోయల్లో పూర్వం బంగారం కోసం వచ్చినవాళ్ళు గుర్రబ్బళ్ళకి వేసుకున్న బాటలు ఇంకా ఉన్నాయి. అందులో ఒకదాని మీద జరిగిన సంగతి ఇది. దాని పేరు మాత్రం చెప్పను. చెబితే ఈ వ్యాసం చదివి ఎవరో ఒకరు బయలుదేరతారు, మళ్ళీ వెళ్ళాల్సింది నేనే.

ఆ బాట ఒక బండికే సరిపోతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ ఉండదు. పద్నాలుగు కిలోమీటర్లలో తొమ్మిది ఫోర్డ్‌లు దాటాలి. ఫోర్డ్ అంటే వంతెన లేని చోట నీళ్ళలోంచి బండిని నడిపే రేవు. దాటుతూ ఎక్కుతూ పోతే కొండ నడుం మీద ఒక సాడిల్ వస్తుంది, రెండు శిఖరాల మధ్య గుర్రపు జీనులా వంగిన చోటు. దారి మొత్తం మీద ఫోన్ సిగ్నల్ అక్కడ ఒక్కచోటే, అదీ ఒక్క గీత. మొదట్లో ఉన్న గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంది: ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళు మాత్రమే, సిగ్నల్ లేదు, అద్దె కార్లు రాకూడదు. నాలుగు చక్రాలూ ఇంజన్ బలంతో తిరిగే బండిని ఫోర్ వీల్ డ్రైవ్ అంటారు. చూడ్డానికి ఎత్తుగా ఉన్న ప్రతి బండీ ఫోర్ వీల్ డ్రైవ్ కాదు. ఈ ఒక్క ముక్క మనవాళ్ళకి ఎక్కించడం నావల్ల కాలేదు.

ఆరోజు మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి ఫోన్ మోగింది. నేను ఒక కారు కింద పడుకుని ఆయిల్ దించుతున్నాను. గ్రాహం ఫోన్ నాకిచ్చి "నీ భాష" అన్నాడు.

అవతల మనిషి పేరు కిరణ్. ఊరు గుంటూరు, ఉండేది ఆక్లాండ్ మౌంట్ రాస్కిల్‌లో. క్రైస్ట్‌చర్చ్‌లో దిగి కారు అద్దెకి తీసుకున్నాడట. తను, భార్య సౌజన్య, నెల క్రితం గుంటూరు నుంచి వచ్చిన మామగారు. ఫోన్‌లో మ్యాప్ ఇటు దగ్గర దారి చూపించిందట.

"బురదలో దిగబడిందండీ. వెనక చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి. ఫోన్ కోసం నేనొక్కణ్ణే ఎత్తుకి ఎక్కొచ్చా."

"గేటు నుంచి ఎంత దూరం పోయినరు అన్నా?"

"కొంచెమేనండి. గేటు దాటాక కొంచెం. దగ్గరే."

ఆ "దగ్గరే" విన్నప్పుడే నేను ఆగి ఉండాల్సింది. సిగ్నల్ ఉన్నది సాడిల్ మీద ఒక్కచోటే కదా, గేటు దగ్గరైతే ఫోన్ ఎలా కలుస్తుంది అని అడగాల్సింది. అడగలేదు. ఎందుకంటే నేను కూడా అదే తానులో ముక్కని. కారు కింద పడుకుని, చేతికి ఆయిల్ కారుతుండగా, నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"బయలుదేరిన అన్నా. దారిల ఉన్న. పది నిమిషాల్ల మీ ముందుంట. పరేషాన్ కాకుండ్రి."

లైన్ కట్టయింది.

ఇది అబద్ధమని నాకు ఆ క్షణాన తోచలేదు. స్నానానికి వెళ్తూ "సందు చివర ఉన్నా" అంటాం. చొక్కా గుండీ పెట్టుకుంటూ "బండెక్కేశా" అంటాం. అవతలివాడికీ తెలుసు, మనకీ తెలుసు. అది టైమ్ కాదు, ధైర్యం చెప్పడం. పరాయి దేశంలో బురదలో దిగబడ్డ తెలుగువాడికి ఒక ధైర్యం మాట చెప్పాననే అనుకున్నాను. గ్రాహం నా వైపు చూశాడు. భాష రాకపోయినా నా ఫోన్లు వినీ వినీ 'పది' అన్న అంకె అతనికి తెలుసు. "పది ఏమిటి?" అన్నాడు. "ఏం లేదు" అన్నాను.

ఆయిల్ పని ముగించి, చేతులు కడుక్కుని బయటపడేసరికి ఒకటీ యాభై. గేటు దగ్గరే అన్నాడు కదా అని చిన్న యూట్ వేసుకెళ్ళాను. యూట్ అంటే వెనక ట్రే ఉన్న బండి. లాగడానికి స్నాచ్ స్ట్రాప్ పెట్టుకున్నాను, అంటే సాగే గుణం ఉన్న వెడల్పాటి పట్టీ. వించ్ ఉన్న పెద్ద ట్రక్, అదే ఇనప తాడు చుట్టుకుంటూ బండిని లాక్కొచ్చేది, గ్యారేజీలోనే ఉండిపోయింది.

రెండూ ఇరవైకి గేటు చేరాను. దాటాను. కొంచెం వెళ్ళాను, ఇంకొంచెం వెళ్ళాను. కారు లేదు.

అక్కడి నుంచి నాకు ఒళ్ళు మండటం మొదలైంది. మొదటి ఫోర్డ్ దాటాను, లేదు. రెండోది దాటాను, లేదు. కొంచెం అన్న మనిషి ఇక్కడెక్కడో ఉండాలి, లేడంటే లోయలోకి జారాడేమో అని ప్రతి మలుపులోనూ బండి ఆపి, అంచుకి వెళ్ళి కిందకి తొంగి చూశాను. ఇరవై నిమిషాలు అలా పోయాయి. మూడో ఫోర్డ్ దగ్గర తడి మట్టిలో నునుపైన టైర్ల అచ్చు కనిపించింది. ఊళ్ళో కూరగాయలు తెచ్చుకునే కారు టైర్లు. ఆ టైర్లతో ఇంత దూరం ఎలా వచ్చాడో దేవుడికే తెలియాలి. వచ్చాడు మరి. ఇలాంటి దారుల్లో దేవుడు మనవాళ్ళని సగం దాకా తెచ్చి వదిలేస్తాడు, మిగతా సగం నాకు అప్పగిస్తాడు.

ఒక్కో ఫోర్డ్ దాటుతున్నకొద్దీ కిరణ్‌ని తిట్టుకుంటూ పోయాను. తెలుగులో తిట్టాను, అది చాలక కోర్సులో నేర్చుకున్న ఇంగ్లీషులో తిట్టాను. ఎక్కడున్నావో చెప్పడానికి ఏం రోగం మనిషికి? అద్దె కారు రాకూడని దారి, ఎంత లోపలికి పోయాడో చెబితే కంపెనీకి చేరవేస్తానని భయం అయ్యుంటుంది. దానికి తోడు మామగారి ముందు పరువు. సాడిల్ ఎక్కేసరికి మూడూ ముప్పై అయిదు. ఎండ ఉంది గానీ వేడి లేదు. ఏప్రిల్ చివర అంటే అక్కడ చలికాలం ముంగిట, సూర్యుడు నాలుగింటికే పడమటి గట్టు వెనక్కి జారుకుంటాడు. జారిన పావుగంటకి గాలి ఎముకల్లోకి దిగుతుంది.

సాడిల్ దాటగానే బాట రెండుగా చీలుతుంది. ఎడమది వెడల్పుగా, నున్నగా కనిపిస్తుంది. అది పాత గనికి పోయి ఆగిపోతుంది. కుడిది ఇరుకు, అసలు దారి అదే. కుడి వైపు అరకిలోమీటరు దిగాక తెల్ల కారు కనిపించింది. వెనక చక్రాలు సగం దాకా బురదలో ఉన్నాయి. కారు పక్కన ఒక మనిషి, లోపల ఒకామె. నేను దిగి, దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఒకేసారి అనబోయాను. ఈలోపు ఆమె తలుపు తీసుకుని దిగింది.

"మా నాన్న ఏరండీ?" అంది.

"ఎవరు?"

"మీకు ఎదురొచ్చాడండీ మా నాన్న. పైన కనపళ్ళేదా?"

నోట్లో తిట్లు నోట్లోనే ఆగిపోయాయి.

కిరణ్ చెప్పాడు. ఒకటిన్నరకి అతను కిందికి దిగి వచ్చి, "మన తెలుగబ్బాయే, పది నిమిషాల్లో ఉంటానన్నాడు" అని చెప్పాడట. పులిహోర డబ్బా అప్పటికే తీశారట. మామగారు మూత పెట్టించేశారు. "మనకోసం వస్తున్నాడు పాపం, తిన్నాడో లేదో. వచ్చాక కలిసే తిందాం" అన్నారట. ఆయనకి సుగర్. భోజనం ముందు వేసుకోవాల్సిన మాత్ర అప్పటికే వేసుకున్నారు. అరగంట చూశారు, నేను రాలేదు. పైన బాట చీలిన చోట నేను తికమకపడి ఉంటానని, అక్కడ నిలబడి దారి చూపిస్తానని రెండు గంటలకి నడుచుకుంటూ వెళ్ళారు. ఒంటి మీద ఒక స్వెటర్, చేతిలో నీళ్ళ సీసా.

మన దగ్గర ఎవరైనా మొదటిసారి ఇంటికొస్తుంటే, ఇంట్లోంచి ఒకరు వెళ్ళి సందు మొదట్లో నిలబడతారు. అలా వెళ్ళారాయన. సందు అనుకుని.

"వెళ్ళనిచ్చినరా? ఒక్కణ్ణి?" అన్నాను.

"మీరు వచ్చేస్తున్నారన్నారు కదండీ" అన్నాడు కిరణ్. "మీ బండిలోనే తిరిగొస్తారనుకున్నాం. గంట దాటాక పైకి వెళ్ళి చూశా, లేరు. మీతోనే ఉన్నారేమోనని మళ్ళీ ఫోన్ కూడా చెయ్యకుండా కిందికి వచ్చా. ఈమెనొక్కదాన్నే ఎంతసేపు వదిలిపెట్టను?"

"మీరు గేటు దాటి కొంచెమన్నరు. పద్నాలుగు కిలోమీటర్లు కొంచెమా?"

"మీరు దారిలో ఉన్నానన్నారు" అన్నాడు కిరణ్. ఎదురు మాటగా అనలేదు. మామూలుగానే అన్నాడు.

సౌజన్య నన్నూ మొగుణ్ణీ ఒకే చూపుతో చూసి, "మీ ఇద్దరి దగ్గరా మా నాన్న ఎక్కడున్నాడో తప్ప అన్నీ ఉన్నాయి" అంది. ఆమెని, కిరణ్‌నీ యూట్‌లో ఎక్కించుకుని మళ్ళీ సాడిల్ మీదికి వచ్చి గ్రాహంకి ఫోన్ చేశాను. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, సుగర్, అన్నం తినకుండా నాకోసం చూసి, నడిచి వెళ్ళి తప్పిపోయాడు, రెండు గంటలు కావస్తోంది అని చెప్పాను.

"రెండు గంటలు ఎందుకు ఎదురు చూశాడు?" అన్నాడు గ్రాహం. "నువ్వు ఎంతలో వస్తానన్నావు?"

చెప్పాను. "గంటలో నీ ఫోన్ రాకపోతే పోలీసులకి చెప్తాను. హెలికాప్టర్ వస్తుంది. వెతుకు" అని పెట్టేశాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

చీలిన చోట దిగి నేల చూశాను. వెడల్పు దారి మొదట్లో, బండ మీద, ఒక నీళ్ళ సీసా నిలబెట్టి ఉంది. దాని కింద ఒక రుమాలు. మనిషి అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. నేను ఎంతకీ రాకపోయేసరికి, బహుశా ముందు మలుపులో ఆగానేమో అనుకుని, ముందుకి నడిచాడు. ఏది ముందో తెలియక వెడల్పుగా ఉన్నదే అసలు దారి అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. పైకి వస్తూ నేను కుడివైపే చూసుకుని దిగిపోయాను. నా ఎడమ పక్కన పది అడుగుల్లో ఉన్న సీసా నాకు కనపళ్ళేదు. తిట్టుకోవడంలో మునిగి ఉన్నాను కదా.

గని దారిలో యూట్‌ని లో రేంజ్‌లో వేశాను. వేగం తగ్గించి బలం పెంచే గేరు అది, నడక కంటే కాస్త జోరుగా పోతుందంతే. కిరణ్ ఒక కిటికీలోంచి, సౌజన్య ఇంకో కిటికీలోంచి "నాన్నా", "మావయ్యగారూ" అని కేకలు. ఎండ గట్టు మీదికి ఎక్కిపోయింది. మా మీద నీడ పడింది. నాకు భయమేసింది. తొమ్మిదేళ్ళలో బళ్ళు పోవడం చూశాను, మనుషులు దెబ్బలతో బయటపడటం చూశాను. కానీ నా నోటి మాటకి ఒక మనిషి ప్రాణం మీదికి రావడం చూడలేదు.

నాలుగూ ఇరవైకి, మూడో మలుపులో, పైకప్పు పోయిన ఒక రాతి గుడిసె పక్కన ఆయన కనిపించారు. గోడకి ఆనుకుని, దారి అంచున కూర్చున్నారు. ముఖం పాలిపోయింది, చెమట పట్టి ఉంది, పెదాలు వణుకుతున్నాయి. మా బండి చూసి లేవబోయి లేవలేకపోయారు. కానీ కుడిచెయ్యి ఎత్తి, రోడ్డు మీద బస్సుకి దారి చూపినట్టు, "ఇటు, ఇటు" అని ఊపారు.

నేను దూకి పరిగెత్తాను. నా భుజం పట్టుకుని ఆయన అన్న మొదటి మాట: "దారి దొరికిందా నాయనా? తికమకగా ఉంది కదా అని ఇక్కడ నిలబడ్డా."

నా బండిలో ఎప్పుడూ జెల్లీ లాలీల పొట్లం ఉంటుంది, అంటే మెత్తటి తీపి బిళ్ళలు. సుగర్ పడిపోయిందని తెలుస్తూనే ఉంది, నాలుగు నోట్లో పెట్టి, నా జాకెట్ తొడిగి, హీటర్ పూర్తిగా పెట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాం. పావుగంటకి చూపు నిలబడింది. సాడిల్ మీద ఆగి గ్రాహంకి ఫోన్ చేసి, దొరికారని చెప్పాను. కారుని ఆ బురదలోనే వదిలేశాం. మర్నాడు పొద్దున గ్రాహం పెద్ద ట్రక్‌తో వెళ్ళి లాక్కొచ్చాడు. అప్పుడు నేనూ పక్కనే ఉన్నాను.

ఊళ్ళో మెడికల్ సెంటర్‌లో నర్స్ సుగర్ చూసి, ఇంకో గంటైతే కష్టమయ్యేది అంది. ఆ మాట నాకు ఎవరూ విడమర్చి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. బయట బెంచీ మీద పులిహోర డబ్బా అప్పటికి తెరిచారు. ముందు నాకే పెట్టారు. వద్దంటే వినలేదు.

"పెద్దాయనా, నన్ను క్షమించుండ్రి" అన్నాను. "పది నిమిషాలన్నది ఒట్టి మాట. మీ అల్లుడు ఫోన్ చేసినప్పుడు నేను గ్యారేజీలనే ఉన్న. కారు కింద పండుకొని ఉన్న."

ఆయన నవ్వారు. ఊళ్ళో ఏం చేసేవారో అప్పుడే తెలిసింది.

"ముప్పై ఏళ్ళు బస్టాండులో కంట్రోలర్‌గా చేశాను నాయనా. బస్సు ఎప్పుడొస్తుందని అడిగిన ప్రతివాడికీ పది నిమిషాలని నేనే చెప్పేవాణ్ణి. అది ఎంత పదో నాకు తెలీదా? కానీ ఇది వేరే దేశం కదా. ఇక్కడ పదంటే పదే అయ్యుంటుందనుకున్నా."

సౌజన్య తల తిప్పుకుంది. కిరణ్ నేల చూశాడు. నేనూ అదే చేశాను. ముగ్గురిదీ తిలాపాపం తలా పిడికెడు అని సర్దుకోవచ్చు. కానీ ఆ మనిషిని నమ్మించింది నా పిడికెడే. కిరణ్ చెప్పిన "దగ్గరే" నా టైమ్ తిన్నది, నేను చెప్పిన "పది" ఆయన అన్నాన్నీ ఆయన దారినీ తినేసింది.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. ఫోన్ రాగానే ముందు ఎన్ని ఫోర్డ్‌లు దాటారో అడుగుతాను. కిలోమీటర్లలో అబద్ధం చెప్పే మనిషి కూడా ఏరు దాటిన లెక్కలో చెప్పడు, ఒక్కోటీ భయపెట్టి ఉంటుంది కదా. తర్వాత నా సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు "సరే" అని ఊరుకుంటారు. మనవాళ్ళకి మాత్రం కోపం వస్తుంది. మొన్న ఒకాయన అననే అన్నాడు: "తెలుగువాడివై ఉండి అలా మొహం మీద చెప్పేస్తావేంటయ్యా? వచ్చేస్తున్నా అని ఒక ముక్క అంటే నీ సొమ్మేం పోయింది? ఇక్కడ ఆడవాళ్ళు కంగారు పడుతున్నారు."

ఆయనతోనూ నేను రోజూ చెప్పేదే చెప్పాను.

"నేనింకా బయలుదేరలే. రెండు గంటలు పడతది. కార్లనే ఉండుండ్రి, ఉన్నది తినేయుండ్రి. నాకు ఎవ్వరూ ఎదురు రావొద్దు."